గ్రోత్ ఫ్యాక్టర్ పూసిన దారం కోసం ఆపరేషన్ ఆపాలా?

తమ్ముడూ, గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి మీ బాపుకు వేలిని వంచే తాడు, అంటే టెండాన్, తెగిందని, ఇవాళ్టికి నాలుగో రోజని, డాక్టర్ ఎల్లుండి ఆపరేషన్ అన్నారని రాశారు. టెండాన్ తొందరగా అతకడానికి గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ పూసిన కుట్టు దారం ఉందట, అది దొరికే హాస్పిటల్ హైదరాబాద్‌లో వెతికేదాకా ఆపుదామా అని అడిగారు. ఆపకండి. ఎల్లుండే చేయించండి.

నేను డాక్టర్‌ను కాదు. హనుమకొండలో బ్లౌజులు కుడతాను. కానీ ఇదే గాయం నా చేతికి అయింది, ఇదే ప్రశ్న నేనూ అడిగాను.

2021 మేలో తొక్కుకు మామిడికాయలు కొడుతుంటే కత్తి జారి ఎడమ చూపుడు వేలు నడిమి గీత మీద తెగింది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో తోలుకు నాలుగు కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపించారు. వేలు వంచి చూపించమని ఎవరూ అడగలేదు. పది రోజులకు కుట్లు విప్పాక మిషన్ ముందు కూర్చుంటే ఆ వేలు బట్టను పట్టడం లేదు. నడిమి కీలు వంగుతోంది, కొస మాత్రం పుల్లలా నిటారుగా ఉంటోంది. చేతి ఆపరేషన్లు చేసే డాక్టర్ దగ్గరికి వెళ్తే, నడిమి కీలు కదలకుండా పట్టుకొని కొస వంచమన్నారు. ఎంత బలం పెట్టినా గోరు ఇసుమంత కదలలేదు. "నరం తెగిందా సార్?" అన్నాను. మనం అన్నిటినీ నరమే అంటాం గానీ ఇది టెండాన్, కండను ఎముకకు కట్టి ఉంచే తాడు, స్పర్శ తెలిపే నరం వేరు అని చెప్పారు. మీ బాపుకు వేలి కొసన స్పర్శ ఉందో లేదో కూడా చూశారా అని తప్పకుండా అడగండి. చాలాసార్లు రెండూ కలిసే తెగుతాయి.

ఆలస్యం వల్ల నాకు జరిగింది ఇదీ. తెగిన కొస లోపలికి లాక్కుపోయి అరచేతిలోకి చేరింది. దాన్ని పట్టుకోవడానికి అరచేతిలో ఇంకో కోత పెట్టారు. ఇంకొన్ని వారాలు పోతే రెండు కొసలూ అందవని, అప్పుడు వేరే చోటి నుంచి టెండాన్ తీసి వేయాల్సి వస్తుందని అన్నారు. అందుకే మిమ్మల్ని ఆగొద్దంటున్నాను.

దారంతో బతికే దాన్ని కాబట్టి ఏ దారం వేస్తారని అడిగాను. ప్రోలీన్ అనే, ఒంట్లో కరగని నీలం రంగు దారం. టెండాన్ లోపల తెగిన చోటును నాలుగు పోగులు దాటేలా గట్టి కుట్టు, తర్వాత అంచు చుట్టూ జుట్టంత సన్న దారంతో ఇంకో కుట్టు. మేం కుట్టాక ఓవర్‌లాక్ చేసినట్టే. అంచు లేచి ఉంటే, వేలి లోపల టెండాన్ జారే గొట్టంలో అది పట్టేస్తుంది.

ఇక మీరు చదివిన దారం. అప్పుడు మా అక్క కొడుకు కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదువుతున్నాడు. రెండు రాత్రులు కూర్చుని ఆ పరిశోధనలన్నీ చదివి నాకు చెప్పాడు. టెండాన్‌కు రక్తం తక్కువ అందుతుంది, కణాలూ తక్కువే, అందుకే నిదానంగా అతుకుతుంది. గ్రోత్ ఫ్యాక్టర్ అంటే కణాలను పిలిచి, టెండాన్‌కు బలమిచ్చే కొలాజెన్‌ను తయారు చేయించే ప్రోటీన్. దాన్ని దారానికే పూస్తే సరిగ్గా తెగిన చోటికే చేరుతుందన్నది ఆలోచన. చాలా మంచి ఆలోచన. 2007లో జీడీఎఫ్-5 అనే గ్రోత్ ఫ్యాక్టర్ పూసిన దారంతో ఎలుకల టెండాన్లు కుడితే మూడో వారానికి ఆ అతుకు మామూలు దారంకన్నా బలంగా ఉంది. ఆరో వారానికి రెండూ సమానమయ్యాయి. 2010లో పీడీజీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ పూసిన దారంతో గొర్రెల భుజం టెండాన్లు కుట్టారు. మైక్రోస్కోపు కింద కణజాలం మెరుగ్గా కనిపించింది, కానీ లాగి చూస్తే తెగే బలంలో తేడా రాలేదు. ఎఫ్‌జీఎఫ్ అనే ఇంకో రకాన్ని కుక్కల వేళ్ల టెండాన్లలో పెడితే కణాలు పెరిగాయి, వాటితో పాటు మచ్చ కూడా పెరిగి వేలి కదలిక తగ్గింది. వేలి విషయంలో ఇదే పెద్ద చిక్కు. టెండాన్ తనలో తాను అతకాలి, చుట్టూ ఉన్న గొట్టానికి అతుక్కోకూడదు.

మూడో వారం బలం చిన్న విషయం కాదు. మొదటి రెండు మూడు వారాలూ బరువంతా దారమే మోస్తుంది, కుట్టు తెగిపోతుందేమోనన్న టెన్షన్ అప్పుడే ఎక్కువ. ఆ రోజుల్లో ఒక్క రాత్రి కూడా నేను నిశ్చింతగా నిద్రపోలేదు. అలాంటి దారం రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. కానీ ఇప్పటికి అది జంతువుల మీద పరిశోధన దశలోనే ఉంది, మనుషుల వేళ్లకు మామూలుగా వేసే దారం కాలేదు. పీడీజీఎఫ్ జెల్‌ను అమెరికాలో 1997లోనే అనుమతించారు, అయితే అది షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండ్లకు. ఎవరైనా "కోటెడ్ దారం ఉంది" అంటే ఏం పూశారని అడగండి. షాపుల్లో దొరికే వాటిలో ట్రైక్లోసాన్ పూసినవి ఉంటాయి, అవి ఇన్‌ఫెక్షన్ రాకుండా వాడేవి.

నా వేలిని తిరిగి ఇచ్చింది కుట్టు సగం, థెరపీ సగం. వేలు నిటారుగా చాపకుండా చేతి వెనక వైపు కట్టిన గట్టి పట్టీ, అంటే స్ప్లింట్, ఆరు వారాలు ఉంది. అది ఉండగానే, ఆపరేషన్ అయిన నాలుగో రోజు నుంచి గంటకోసారి కుడి చేత్తో ఆ వేలిని మెల్లగా పది సార్లు వంచేదాన్ని, స్ప్లింట్‌కు ఆనేంత వరకే మళ్లీ చాపేదాన్ని. బరువు ఎత్తడం, కత్తెర పట్టడం పన్నెండు వారాల తర్వాతే. ఒకసారి బిందె జారిపోతుంటే స్ప్లింట్ ఉన్న చేయి ముందుకు పోయింది, మా అమ్మ కేక వేసి ఆపింది. ఈ రోజు వేలు వంచితే దాని కొస అరచేతికి ఒక వేలి మందమంత దూరంలో ఆగుతుంది. బట్ట పట్టడానికి అది చాలు.

మీ బాపు బీడీ తాగితే ఈ రోజే మాన్పించండి, రక్తం అందడం ఇంకా తగ్గుతుంది. షుగర్ ఉంటే పరీక్ష చేయించండి. లోపల ఎన్ని పోగులు వేస్తారు, థెరపీ ఎవరు చేయిస్తారు అని డాక్టర్‌ను అడగండి. డిశ్చార్జ్ చీటీ మీద థెరపీ మొదటి తేదీ రాయించుకున్నాకే ఇంటికి తీసుకెళ్లండి.