జవాబు చెప్పేవాడిని ముందు రాయండి

ప్రియ మిత్రులకు,

నమస్కారం. మీరు పంపిన సంవాదాన్ని శ్రద్ధగా చదివాను. ప్లేటోను కొత్తగా చదువుతున్న ఉత్సాహం ప్రతి పుటలోనూ కనిపించింది. న్యాయం అంటే ఏమిటన్న ప్రశ్న మీద ఒక ఆచార్యుడికీ అతని విద్యార్థికీ మధ్య మీరు నడిపిన సంభాషణలో ఆలోచన ఉంది, భాషలో శుభ్రత ఉంది. అయితే మొదటి నుంచి చివరి దాకా మీ విద్యార్థి చేసే పని ఒక్కటే: "అవును", "నిజమే", "మీరు చెప్పింది సబబే" అనడం. అతని మాటలన్నీ కొట్టేసి ఆచార్యుడి మాటలను వరుసగా పేర్చితే చక్కని వ్యాసం అవుతుంది, ఏ లోటూ కనిపించదు. ఒక పాత్రను పూర్తిగా తీసేసినా లోటు కనిపించని రచన సంవాదం కాదని నా దృఢమైన అభిప్రాయం. ఈ సాహిత్య రూపం అంటే నాకు ప్రాణం కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు ఈ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నారో ఊహించగలను. మనం గురుశిష్య సంవాదాలు వింటూ పెరిగినవాళ్ళం. యముడి గుమ్మం ముందు నచికేతుడు నిలబడినా, కురుక్షేత్రంలో అర్జునుడు కృష్ణుణ్ణి అడిగినా, తెలియనివాడు అడుగుతాడు, తెలిసినవాడు చెబుతాడు. ఆ సంప్రదాయపు గొప్పతనం దానిది. ఏథెన్సులో సోక్రటీస్ చేసిన పని దీనికి ఎదురు దిశలో నడుస్తుంది. అక్కడ తనకు తెలుసునని నమ్మినవాడు జవాబు చెబుతాడు, తనకు తెలియదని ఒప్పుకున్నవాడు అడుగుతాడు. కనుక పరీక్షకు నిలబడేది జవాబు చెప్పేవాడే. ఆయన శిష్యుడు ప్లేటో రాసిన చాలా సంవాదాల్లో అడిగే మనిషి సోక్రటీస్ ఒకడే కాబట్టి, ఒక సంవాదాన్ని మరొకదాని నుంచి వేరుచేసేది ఎదుట కూర్చున్న మనిషి స్వభావం, అతని వృత్తి, అతని గతం. ప్లేటో చేతిలో ఉన్న అసలు కళ ఇదే అని నేను నమ్ముతాను. మీరు నేర్చుకోవలసింది కూడా ముందుగా ఇదే.

సోక్రటీస్ తానుగా ఏ గ్రంథమూ రాయలేదు. క్రీ.పూ. 399లో ఆయనకు మరణశిక్ష అమలైన తరవాత ప్లేటో, జెనోఫన్ వంటి పలువురు అనుచరులు ఆయన సంభాషణలను రచనలుగా మలిచారు. ఇవి పక్కన కూర్చుని రాసుకున్న నివేదికలు కావు. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ఈ సోక్రటిక్ సంవాదాలను సోఫ్రాన్ అనే రచయిత హాస్యరూపకాల పక్కన పెట్టి, అనుకరణ కళల్లో ఒకటిగా లెక్కించాడు. అందువల్ల వీటిని సిద్ధాంతాల కోసం మాత్రమే తవ్వకుండా, ఒక నాటకకర్త పనితనాన్ని చూసే కంటితో కూడా చదవండి.

ఉదాహరణకు "లాకెస్" తీసుకోండి. చిన్న సంవాదం. మీలాగే మొదలుపెట్టే రచయితలకు దీనికన్నా మంచి పాఠం మరొకటి లేదని నా అభిప్రాయం. ఇద్దరు తండ్రులు తమ కొడుకులకు కవచం ధరించి పోరాడే విద్య నేర్పించాలా వద్దా అని ఇద్దరు సేనానులను, లాకెస్‌నూ నికియాస్‌నూ, సలహా అడుగుతారు. సేనానులు చెరొక అభిప్రాయం చెబుతారు. పక్కనే ఉన్న సోక్రటీస్ చర్చలోకి వస్తాడు, కొద్దిసేపట్లోనే ప్రశ్న మారిపోతుంది: అసలు ధైర్యం అంటే ఏమిటి? లాకెస్‌కు ఇది ప్రశ్నగానే తోచదు. వరుసలో తన చోటు వదలకుండా నిలబడి శత్రువుతో పోరాడేవాడు ధైర్యవంతుడు, అంతే అంటాడు. సిథియన్లనే జాతివారు వెనక్కి పోతూనే పోరాడతారు కదా అని సోక్రటీస్ గుర్తుచేస్తాడు. వాళ్ళు ఆశ్వికులు, నేను చెప్పేది కాల్బలం మాట అని లాకెస్ సర్దుకుంటాడు. ప్లాటియా యుద్ధంలో స్పార్టా కాల్బలం వెనక్కి తగ్గి, శత్రువుల వరుసలు చెదిరాక మళ్ళీ తిరగబడి గెలిచింది కదా అంటాడు సోక్రటీస్. సైనికుడి నోట సైనికుడికి తగిన జవాబు వచ్చింది. దాన్ని కూలదోయడానికి వాడిన దృష్టాంతాలు కూడా యుద్ధరంగంలోంచే వచ్చాయి. మీ ఆచార్యుడు ఇచ్చే దృష్టాంతాల్లో ఒక్కటైనా మీ విద్యార్థి బతుకులోంచి వచ్చిందేమో చూసుకోండి.

మరికొంతసేపటికి లాకెస్‌కు విసుగు పుడుతుంది. ధైర్యం ఏమిటో తన మనసుకు తెలుస్తూనే ఉందనీ, మాటల్లో పెట్టబోతే జారిపోతోందనీ, అందుకే తన మీద తనకే కోపం వస్తోందనీ చెబుతాడు. ఆ కొద్ది మాటల్లో ఒక మనిషి మన కళ్ళముందు నిలుస్తాడు. డీలియం యుద్ధంలో ఏథెన్స్ సేన వెనుదిరిగినప్పుడు సోక్రటీస్ ఎంత నిబ్బరంగా నడిచాడో పక్కనుండి చూసినవాడు ఈ లాకెస్. అంటే ధైర్యాన్ని చూశాడు, గుర్తుపట్టాడు, దాన్ని నిర్వచించడం మాత్రం చేతకాలేదు. అతని ఓటమిలో అవమానం లేదు.

నికియాస్ సంగతి ఇంకా లోతైనది. సోక్రటీస్ దగ్గరకు ఎవరు వచ్చి ఏ విషయం మీద మాట కలిపినా, చివరికి తాను ఎలా బతుకుతున్నాడో, ఇంతవరకు ఎలా బతికాడో లెక్క అప్పజెప్పేదాకా ఆయన వదలడని ఈ సంవాదంలో చెప్పేది నికియాసే. ధైర్యం అంటే దేనికి భయపడాలో దేనికి భయపడకూడదో తెలిసిన జ్ఞానమని అతను నిర్వచిస్తాడు. అప్పుడు సోక్రటీస్ ఒక మాట అంటాడు: యుద్ధంలో రాబోయేదేమిటో జోస్యుడికన్నా సేనానికే బాగా తెలియాలి, అందుకే చట్టం జోస్యుణ్ణి సేనాని కింద ఉంచింది గాని సేనానిని జోస్యుడి కింద ఉంచలేదు. పైకి ఇది మామూలు దృష్టాంతం. కాని ప్లేటో తొలి పాఠకులకు ఒళ్ళు జలదరించి ఉండాలి. క్రీ.పూ. 413లో సిరక్యూస్ దగ్గర చంద్రగ్రహణం పట్టినప్పుడు ఇదే నికియాస్ జోస్యుల మాట విని, మూడు తొమ్మిదులు, అంటే ఇరవై ఏడు రోజులు గడిచేదాకా కదలకూడదని సేనను ఆపేశాడు. సేన సర్వనాశనమైంది, అతను శత్రువుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. లాకెస్ అంతకు ముందే, క్రీ.పూ. 418లో, మాంటినియా యుద్ధంలో చనిపోయాడు. ఈ కథలన్నీ ఏథెన్స్ ప్రజలకు తెలుసునన్న ఎరుకతో, ఒక్క వ్యాఖ్య కూడా జోడించకుండా ప్లేటో ఆ మాటను అక్కడ పెట్టి ముందుకు సాగిపోయాడు. వాదన ఒక మనిషి జీవితాన్ని తాకడం అంటే ఇది. రచయితగా ఆయన చూపిన ఈ నిగ్రహాన్ని నేను ఎన్నిసార్లు తలచుకున్నా తనివి తీరదు.

ఇక, జవాబు చెప్పేవాడు తాను నిజంగా నమ్మిందే చెప్పాలన్న నియమం ఒకటుంది. "ప్రొటాగరస్"లో ఆ పేరుగల మహాపండితుడు ఒక చోట, నీకు ఇష్టమైతే అలాగే అనుకుందాం అని దాటవేయబోతాడు. సోక్రటీస్ ఒప్పుకోడు, తాను పరీక్షించేది "అనుకుందాం" అన్న మాటను కాదనీ, నిన్నూ నన్నూ అనీ స్పష్టంగా చెబుతాడు. "యూథిఫ్రో"లో ఈ నియమం ఇంకా కఠినంగా పనిచేస్తుంది. యూథిఫ్రో తన సొంత తండ్రి మీద హత్యాభియోగం మోపడానికి వచ్చాడు. కూలివాడొకడు తాగిన మైకంలో ఇంటి బానిసను చంపితే, తండ్రి వాణ్ణి కట్టి గోతిలో పడేయించి, ఏంచేయాలో అడగడానికి ఏథెన్సుకు మనిషిని పంపాడు. జవాబు వచ్చేలోగా ఆకలికీ చలికీ వాడు చనిపోయాడు. సోక్రటీస్ కూడా దైవద్రోహం అభియోగం మీద అదే అధికారి కచేరీకి వచ్చాడు. ఈ ఇద్దరి మధ్య భక్తి అంటే ఏమిటన్న ప్రశ్న లేస్తుంది. ఒకడి తండ్రి, మరొకడి ప్రాణం దాని మీద ఆధారపడి ఉన్నాయి. పవిత్రమైనది గనుక దేవతలు ప్రేమిస్తారా, దేవతలు ప్రేమించడం వల్ల పవిత్రమవుతుందా అన్న ప్రసిద్ధ ప్రశ్న ఆ ఒత్తిడిలోంచి పుట్టింది.

అవును అనే పాత్రలు ప్లేటోలో లేవా అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. "మెనో"లో సోక్రటీస్ అడిగే లెక్కకు బానిస బాలుడు చెప్పే జవాబులు చాలావరకు అవునూ కాదూలే. కాని రెండు అడుగుల భుజం గల చదరానికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం నాలుగడుగులు ఉండాలని వాడు నిస్సంకోచంగా చెబుతాడు. వైశాల్యం పదహారు వస్తుంది, కావలసింది ఎనిమిది. మూడడుగులంటాడు, తొమ్మిది వస్తుంది. అప్పుడు నాకు తెలియదని ఒప్పుకుంటాడు. ఆ రెండు తప్పులూ లేకపోతే తరవాత ఆ చదరపు కర్ణమే కావలసిన భుజమని గీసి చూపినప్పుడు ఆ దృశ్యానికి బలం ఉండదు. మీ విద్యార్థి ఒక్క తప్పు జవాబైనా ధీమాగా చెప్పడు. అక్కడే నాకు నిరాశ కలిగింది. చివరి దశ సంవాదాల్లో మాత్రం ప్లేటో మెత్తటి మనుషులను కావాలనే ఎంచుకున్నాడు. "సోఫిస్ట్"లో ఎలియా పట్టణం నుంచి వచ్చిన అతిథి, ఇబ్బంది పెట్టకుండా మాట వినేవాడైతేనే ప్రశ్నోత్తరాలు సులువు, లేకపోతే ఒక్కణ్ణే మాట్లాడటం మేలని బాహాటంగా చెబుతాడు. ఆ గ్రంథాల్లోని తర్కం మహత్తరమైనది, కాని సంవాద రచన నేర్చుకోవడానికి మీరు ముందుగా వెళ్ళవలసిన చోటు అది కాదు.

మీ పక్షానికి ఎదురు నిలిచేవాడికి మీ దగ్గరున్న అతి బలమైన వాదనను ఇవ్వండి. "గోర్గియాస్"లో కాలిక్లీస్, బలహీనులైన అధిక సంఖ్యాకులు బలవంతులను అదుపులో పెట్టడానికే చట్టాలు చేశారని వాదిస్తాడు. అంతటితో ఆగక, నిన్ను ఎవరైనా నీచుడు కోర్టుకు ఈడిస్తే నిన్ను నువ్వు కాపాడుకోలేక చనిపోతావని సోక్రటీస్ ముఖం మీదే చెబుతాడు. అలాగే జరిగింది. తన గురువుకు శత్రుపక్షం నుంచి వచ్చిన ఈ హెచ్చరిక నిజమైందని తెలిసి కూడా ప్లేటో దాన్ని పూర్తి పదునుతో రాశాడు. తరవాత కాలిక్లీస్ జవాబు చెప్పడం మానుకుంటాడు, సోక్రటీస్ తన ప్రశ్నలకు తానే జవాబులు చెప్పుకోవలసి వస్తుంది. నువ్వన్నది ఎందుకో సరిగ్గానే ఉన్నట్టుంది గాని నాకు పూర్తిగా నమ్మకం కుదరడం లేదని కాలిక్లీస్ అన్న మాటను కూడా ప్లేటో దాచలేదు. వాదనలో గెలిచినా మనిషిని ఒప్పించలేకపోవచ్చని అంత నిజాయితీగా రాసిన తాత్వికులు అరుదు.

"ఫీడో"లో ఇంతకన్నా సాహసం ఉంది. విషం తాగవలసిన రోజున, ఆత్మ అమరమని సోక్రటీస్ వాదిస్తుంటే, సిమ్మియాస్, కీబెస్ అనే ఇద్దరు మిత్రులు బలమైన ఆక్షేపణలు తెస్తారు. వీణలాంటి శరీరం విరిగితే శ్రుతిలాంటి ఆత్మ మిగులుతుందా అని ఒకరు, ఎన్నో అంగీలు నేసి తొడిగి చించిన నేతగాడికన్నా ఆఖరి అంగీ ఎక్కువకాలం నిలుస్తుంది కదా, అలాగే ఆత్మ కూడా తన ఆఖరి శరీరం కన్నా ముందే నశించవచ్చు కదా అని మరొకరు. చెరసాలలో ఉన్నవాళ్ళందరూ కలవరపడతారు. కథనంలో సరిగ్గా ఆ చోట, ఎంతో దూరంలో ఫ్లియస్ పట్టణంలో ఈ కథ వింటున్న ఎకెక్రటీస్, కథ చెబుతున్న ఫీడోను ఆపి, నాకూ ఇప్పుడు ఏ వాదన మీదా నమ్మకం లేకుండా పోయిందంటాడు. కథ బయట ఉన్న శ్రోత కూడా కలవరపడిన తరవాతే సోక్రటీస్ ఫీడో జుట్టు నిమురుతూ, వాదనలను ద్వేషించేవాళ్ళం కాకూడదని హెచ్చరిస్తాడు. ఇంత జరిగిన ఆ రోజు ప్లేటో అక్కడ లేడు. ఆయనకు ఒంట్లో బాగులేదనుకుంటాను అని ఫీడో చేత చెప్పించాడు. తన సంవాదాలన్నిటిలో రచయిత పేరు వచ్చేది రెండు గ్రంథాల్లోనే, ఇందులోనూ, సోక్రటీస్ కోర్టులో చెప్పుకున్న సమాధానమైన "అపాలజీ"లోనూ. మీ సంవాదంలో మీ ఆచార్యుడి గొంతు మీ గొంతేనని మూడో వాక్యానికే తెలిసిపోతుంది. పాఠకుడు రచయిత ఎటువైపున్నాడో వెతుక్కునే అవకాశం ఇవ్వండి.

పనిముట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. "అన్నాను", "ఒప్పుకున్నాడు" అన్న మాటలు అడ్డం వస్తున్నాయని వాటిని తీసేసి నేరుగా సంభాషణగా రాశానని "థియటీటస్" ఆరంభంలో ఆ సంభాషణను రాసిపెట్టిన యూక్లిడీస్ చెబుతాడు. మీ ప్రతికి కూడా ఆ కత్తిరింపు అవసరం. ప్లేటో అనువాదాల అంచుల్లో కనిపించే అంకెలూ అక్షరాలూ 1578లో జెనీవాలో వెలువడిన ముద్రణ పుటలను సూచిస్తాయి. వాటి సాయంతో ఒకే భాగాన్ని రెండు అనువాదాల్లో పోల్చి చదవడం అలవాటు చేసుకోండి.

మీ సంవాదానికి వస్తే, విద్యార్థిని పక్కన పెట్టమని నా సలహా. అతని స్థానంలో, ఆ ఉదయమే ఇద్దరు అన్నదమ్ముల మధ్య పొలం పంపకం తేల్చి ఇంటికి వచ్చిన ఊరి పెద్దమనిషిని కూర్చోబెట్టండి. న్యాయం అంటే ఏమిటో తనకు తెలుసునని అతను నమ్మాలి, ఆ నమ్మకానికి అతని దగ్గర గట్టి కారణాలుండాలి, మీ ఆచార్యుడి కన్నా లోకానుభవం ఎక్కువ ఉండాలి. ఆ పంపకంలో ఎవరికి ఏ చెక్క వచ్చింది, నీళ్ళు ఎటు పారతాయి, ఎవరు మాట మింగి ఊరుకున్నారు అన్నవి ముందు రాసి పెట్టుకోండి, సంవాదంలో వాటిలో సగం కూడా వాడకపోయినా ఫరవాలేదు. అతని మొదటి జవాబు మీరే ఖండించలేనంత సబబుగా కుదిరేదాకా ఆచార్యుడి రెండో ప్రశ్న రాయకండి. ఆ ప్రతి సిద్ధమైతే నాకు పంపండి, తప్పకుండా చదువుతాను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి