అక్కడ పేరు చెప్పాలా?

ప్రశ్న: మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా. రోజూ తాగుతారు. మానాలని ఆయనకీ ఉంది. తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి వెళ్దామంటే, తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుందని భయం. అక్కడేం చేస్తారు? నేనూ వెళ్లొచ్చా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: ఆయనకి మానాలని ఉందన్నారు చూడండి, సభ్యత్వానికి కావలసింది అదొక్కటే తల్లీ. ఫీజు లేదు. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. తెలిసినవాళ్లు కనబడితే? వాళ్లూ అదే బాధతో వచ్చినవాళ్లే! అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది అక్కడి పద్ధతి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు దీన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ నడిపేది మానినవాళ్లే. అందుకే నాకు ఈ మీటింగుల మీద ఇంత గురి. అక్కడ ఒకరి అనుభవాలు ఒకరికి చెప్పుకుంటారు. మొదటిరోజు నోరు విప్పక్కర్లేదు, వెనక కూర్చుని వింటే చాలు. అందుకే నాకు ఈ మీటింగుల మీద ఇంత గురి.

'ఓపెన్' మీటింగ్‌కి మీరూ వెళ్లొచ్చు, 'క్లోజ్డ్' తాగుడు మానాలనుకునేవారికే. వెళ్లేముందు ఆ గ్రూపుకి ఫోన్ చేసి సమయం, తెలుగులో జరుగుతుందా లేదా కనుక్కోండి. ఊళ్లో మొహమాటమైతే పక్క ఊరికో, ఆన్‌లైన్ మీటింగ్‌కో వెళ్లనివ్వండి. ఒక్కసారికే నచ్చలేదంటే వేరే గ్రూపు చూడమనండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నా. రోజూ తాగేవారు డాక్టరును అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు. వణుకు, ఫిట్స్, మతి తప్పడం ప్రాణం మీదికి తేవచ్చు. ముందు ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి. వ్యసనం మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఆయన ససేమిరా అన్నా మీరు ఆగకండి, కుటుంబసభ్యులకి 'అల్-అనాన్' అని విడిగా మీటింగులున్నాయి.