డ్రాగన్ ఎక్కే హీరోని నమ్మేదెట్టా?

ప్రశ్న: ఫాంటసీ నవల రాస్తున్నానండి, మొదటి చాప్టర్ మీకు పంపాను. హీరో డ్రాగన్ మీదెక్కి ఉదయగిరి కొండ మీంచి సముద్రం దాకా ఎగురుకుంటా పోతాడు. మా బావ చదివి, అంత బరువు గాల్లోకి ఎట్టా లేస్తదిరా, సైన్స్ తెలిసినోళ్ళు నవ్వుతారు అంటన్నాడు. డ్రాగన్‌ని తీసేయమంటారా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: తీసేయబాక అబ్బయ్యా. మీ బావ మాటలో లాజిక్ ఉంది, కాదన్ను. సైజు రెండింతలైతే రెక్కల వైశాల్యం 4 రెట్లే పెరుగుద్ది, బరువేమో 8 రెట్లు, అందుకే నేలపట్టు చెరువుకొచ్చే గూడబాతు 5 కేజీలు అటూఇటూ ఉండి హాయిగా ఎగురుద్ది, దాన్నే ఏనుగంత చేస్తే లేవదు. 1971లో టెక్సాస్‌లో క్వెట్జాల్‌కోయాట్లస్ అనే డైనోసార్ల కాలం నాటి ఎగిరే సరీసృపం శిలాజం దొరికింది, రెక్కలు చాపితే 10 మీటర్లు, బరువు 200, 250 కేజీలుండొచ్చని అంచనా. అంతదాని మీదకి కూడా 70 కేజీల మనిషినీ, జీనునీ, కత్తినీ ఎక్కిస్తే కష్టమే.

అయినా పాఠకుడు పుస్తకం మూసేది ఈ లెక్కలు చూసి కాదు. అంత జంతువుకి బరువే లేనట్టు రాస్తే మూస్తాడు. ఆదిపర్వంలో గరుత్మంతుణ్ణి చూడు, అమృతానికి పోయేముందు ఆకలి, ఏనుగునీ తాబేలునీ గోళ్ళతో పట్టుకొని తిందామని చెట్టు కొమ్మ మీద వాలితే ఆ కొమ్మ కాస్తా విరిగింది, దానికేమో వాలఖిల్యులనే బుల్లి మునులు తలకిందులుగా వేలాడతన్నారు, ఇంక కొమ్మని ముక్కుతో కరుచుకొని యాడ దించాలో తెలీక తిరిగాడు పాపం. రెక్కల కొలత ఎవరైనా అడిగారా?

నీ చాప్టర్‌లో డ్రాగన్ మేడ మీద వాలితే పిట్టగోడ పెచ్చు కూడా ఊడలా. మేత ఊసే లేదు. ఒంగోలు వైపు బండలాగుడు ఎద్దుల్ని సాకే రైతు దగ్గర ఒక పూట కూర్చో, ఉలవల ఖర్చు చెప్తాడు, గిట్టలు పట్టి చూపిస్తాడు, అట్టాంటి మనిషొకడు నీ డ్రాగన్‌కీ ఉండాలి. ఎముకలు బోలు అంటావో మంత్రం అంటావో నీ ఇష్టం, ఒకసారి చెప్పాక క్లైమాక్స్‌లో మార్చబాక.

ఇంకోటి, కిలోమీటరు పైకి పోతే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుద్ది, హీరో ఉత్త పంచెతో ఉన్నాడు, కంబళి కప్పు. హీరోయిన్‌తో గుసగుసలు ఆ గాలికి వినపడవు, కిందకి దిగినాక పెట్టుకో.