రాడ్ బోల్టులు మాత్రమే మారిస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నాలుగు సిలిండర్ల ఇంజిన్, కంపెనీ రాడ్లే (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీలు) ఉంచుతున్నారు, రెడ్‌లైన్ (ఇంజిన్ దాటకూడని వేగం) 6,500 ఆర్‌పీఎం నుంచి 7,500కి పెంచుతున్నారు, చిన్న టర్బో కూడా పెడుతున్నారు. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి, కిందనుంచే ఒక్కో రాడ్ బోల్ట్ తీసి దాని చోట గట్టి బోల్ట్ వేసేస్తే చాలా అని.

చాలదు. నేను అచ్చంగా అదే చేశాను. చావు తప్పి కన్ను లొట్టపోయింది.

ముందు టర్బో సంగతి. బోల్టుల విషయంలో దాని గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. బూస్ట్ పెరిగితే గ్యాస్ ఒత్తిడి పిస్టన్‌ని కిందికి తోస్తుంది, ఆ బరువు రాడ్ ఒంటి మీద పడుతుంది. మితిమీరితే రాడ్ వంగుతుంది. బోల్టులకు అసలు పరీక్ష ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర్లో. పిస్టన్ పైకి దూసుకొచ్చి ఒక్కసారిగా ఆగి వెనక్కి తిరగాలి, దాన్ని పైనుంచి ఆపడానికి ఒత్తిడంటూ ఏమీ ఉండదు. వెనక్కి లాగే పని మొత్తం క్యాప్‌ది (రాడ్ కింది చివరని క్రాంక్ చుట్టూ మూసే విడి సగం), అంటే దాన్ని పట్టుకున్న రెండు బోల్టులది. ఈ లాగుడు ఆర్‌పీఎం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 6,500 నుంచి 7,500 అంటే వేగం 15 శాతమే ఎక్కువ, లాగుడు మాత్రం 33 శాతం ఎక్కువ. 86 మిల్లీమీటర్ల స్ట్రోక్, పిస్టన్, పిన్, రింగులు, రాడ్ పైభాగం కలిపి అర కిలో అనుకుని లెక్క కట్టి చూడండి: ఒక్కో రాడ్ మీద సుమారు 1.3 టన్నులు ఉన్నది 1.75 టన్నులకు చేరుతుంది. కాబట్టి బోల్టులు మార్చాలన్న మీ ఆలోచన సరైనదే. మార్చే పద్ధతి దగ్గరే ఇబ్బంది.

నేను క్యాపులు తారుమారు కాకుండా జాగ్రత్తగానే చేశాను. ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు కొలత చెప్పే ప్లాస్టిక్ దారం) పెట్టి చూస్తే బేరింగ్ క్లియరెన్స్ 0.05 మిల్లీమీటర్ల దగ్గర వచ్చింది, మురిసిపోయాను. సుమారు 1,500 కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ తగ్గుతోందని గమనించాను. సంప్ విప్పితే బేరింగులు మధ్యలో బాగానే ఉన్నాయి. కానీ రెండు ముక్కలు కలిసే అంచు దగ్గర, పై షెల్‌లో (బేరింగ్ పై సగంలో) ఒక పక్క, కింది షెల్‌లో దానికి ఎదురు పక్క రాగి కనబడేదాకా అరిగిపోయాయి. ఇలా ఐమూలగా అరిగిందంటే క్యాప్ పక్కకి జరిగి కూర్చుందని అర్థం.

చాలా రాడ్లలో బోల్ట్ ఒళ్లే క్యాప్‌ని దాని స్థానంలో నిలబెడుతుంది. కొత్త బోల్ట్ ఒళ్లు వెంట్రుకవాసి తేడాగా ఉన్నా క్యాప్ ఆ మేరకు జరుగుతుంది. పైగా గట్టి బోల్ట్ ఎక్కువ బలంతో బిగుస్తుంది కాబట్టి బిగ్ ఎండ్ (క్రాంక్‌ని పట్టుకునే రాడ్ కింది రంధ్రం) గుండ్రదనం కూడా మారుతుంది. ప్లాస్టిగేజ్ నేను పెట్టిన చోట, అంటే మధ్యలో, ఎంత ఉందో చెప్పింది. పక్కల సంగతి దానికేం తెలుసు? క్రాంక్ పాలిష్‌తో బయటపడింది, అది నా అదృష్టం.

అందుకే రాడ్లు బయటికి తీయక తప్పదు. కొత్త బోల్టులు వేసి, చివరికి బిగించేంత పూర్తిగా బిగించి, డయల్ బోర్ గేజ్‌తో (రంధ్రం లోపలి కొలత తీసే పరికరం) ఆ బోర్‌ని నిలువుగా, రెండు ఐమూలలుగా కొలవాలి. తేడా ఉంటే మెషిన్ షాప్‌లో క్యాప్ అంచు కాస్త గ్రైండ్ చేసి, బోర్‌ని మళ్లీ అసలు సైజుకి హోనింగ్ చేస్తారు (లోపలి గోడని సన్నగా అరగదీస్తారు). ఇక్కడే ఒక మెలిక ఉంది. మీ రాడ్లు విరగ్గొట్టి విడదీసిన రకమైతే, అంటే క్యాప్ అతుకు గరుకుగా విరిగిన రాయిలా కనిపిస్తే, ఆ అంచు గ్రైండ్ చేయకూడదు. అప్పుడు హోనింగ్ చేస్తే బోర్ పెద్దదవుతుంది కాబట్టి, బయటి కొలత పెద్దదైన బేరింగులు దొరికితేనే హోనింగ్‌కి అర్థం ఉంటుంది. దొరక్కపోతే నన్నడిగితే ఫోర్జ్‌డ్ రాడ్లే కొనేయండి. మంచి బోల్టులు వాటితోనే వస్తాయి, టర్బోకి కూడా అవే మేలు.

బిగించడం గురించి. టార్క్ రెంచ్ మీద మీరు పెట్టే బలంలో దాదాపు పదో వంతే బోల్ట్‌ని సాగదీస్తుంది, మిగతాదంతా రాపిడి తినేస్తుంది. కాబట్టి తయారీదారు తన గ్రీజుకి ఇచ్చిన టార్క్ అంకెని ఇంజిన్ ఆయిల్ రాసి వాడకండి. వదులుగా బిగిసిన బోల్ట్ ప్రతి చుట్టుకీ సాగుతూ ముడుచుకుంటూ అలసిపోయి తెగుతుంది. కుదిరితే స్ట్రెచ్ గేజ్ (బోల్ట్ ఎంత సాగిందో కొలిచేది) వాడండి. బిగించక ముందు ఒక్కో బోల్ట్ పొడవు రాసుకోండి, రెండుమూడు సార్లు బిగించి వదిలి మర నునుపు చేయండి, తర్వాత బోల్టులతో వచ్చిన కాగితంలో చెప్పినంత సాగేదాకా బిగించండి. మామూలుగా అది 0.13 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. బోల్ట్ కొస బయటికి కనబడని రాడ్ అయితే ఈ గేజ్ పట్టదు, అప్పుడు టార్క్ పెట్టి ఆపైన కోణం తిప్పే పద్ధతే గతి. ఆ కాగితం పారేయకండి. మళ్లీ ఎప్పుడైనా విప్పినప్పుడు మొదటి పొడవు కంటే 0.025 మిల్లీమీటర్లు పెరిగిన బోల్ట్ కనబడితే అది చెత్తబుట్టకే.

రకం విషయానికొస్తే మీ వాడకానికి ఏఆర్‌పీ 2000 (ఏఆర్‌పీ అనే బోల్టుల కంపెనీ వాడే ఉక్కు రకం) సరిపోతుంది. వాళ్లదే ఎల్19 ఇంకా గట్టిదే కానీ తేమ అంటే దానికి పడదు, ఒట్టి చేత్తో ముట్టుకోవద్దంటారు. వీధిలో తిరిగే బండికి ఆ గొడవ ఎందుకు?

సంప్ విప్పగానే ముందు క్యాప్ అతుకు చూడండి, నున్నగా ఉందో గరుకుగా ఉందో ఇక్కడ రాయండి. బోల్టులు ఆర్డర్ పెట్టేది ఆ తర్వాతే.