సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా

ఒరే అల్లుడా,

శుక్రవారం నువ్వు మందు మాన్పించే సెంటర్ నుంచి ఇంటికొచ్చావని అక్క చెప్పింది. మొహం తేటగా ఉందట, రెండు పూటలా అన్నం తింటున్నావట. ఫోన్‌లో మాట్లాడదామనుకున్నా గానీ, ఇలాంటివి ఫోన్‌లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. నీ వయసులో నేనూ అంతే. అందుకే కాగితం మీద రాస్తున్నా.

మానడం గురించి నేను నీకు కొత్తగా చెప్పేదేం లేదు. నేను చాలాసార్లు మానినవాణ్ణి. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులూ చుక్క ముట్టేవాణ్ణి కాదు. మూడేళ్లు వరసగా వేశాను, మూడేళ్లూ మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టాను. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది మన నెల్లూరు జిల్లాలోనే కదా. ఆ గొడవ రాష్ట్రమంతా పాకి, 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టాడు. అప్పుడు నేను లారీ తోలుతున్నా. ఇక ఊళ్లో దొరకదు, మానేశానని మీ అత్త తల మీద చెయ్యేసి చెప్పాను. మద్రాసు లోడు పడి, తడ దాటి తమిళనాడులోకి పోయానంటే ఆ ఒట్టు గుర్తుండేది కాదు. 1997లో నిషేధం ఎత్తేశాక అంతదూరం పోయే పని కూడా తప్పింది.

2004లో నన్నూ సెంటర్లో చేర్చారు. అక్కడా బుద్ధిగానే ఉన్నా. గేటుకి తాళం, టైముకి తిండి, టైముకి నిద్ర, పక్క మంచం మీద నాలాంటివాడే ఇంకొకడు. మాలైనా, నిషేధమైనా, సెంటరైనా చుట్టూ ఒక కంచె ఉండేది. నీకిప్పుడు ఆ కంచె తీసేశారు. రోజంతా షెడ్డులో పని చేసుకుంటావు, అదేం పెద్ద సంగతి కాదు. షెడ్డు మూసి చేతులు కడుక్కున్నాక ఏం చేస్తావు? ఆరు నుంచి తొమ్మిది దాకా నీ చేతిలో ఉండేది గ్లాసు. ఇప్పుడా చెయ్యి ఖాళీగా ఉంది. ఈ ఉత్తరమంతా ఆ మూడు గంటల గురించే అనుకో.

ముందు దారి మార్చు. మద్రాసు బస్టాండ్ వైపు నుంచి ఇంటికి పోవద్దు. చుట్టూ తిరిగి పోతే పావుగంట ఎక్కువ పడుతుంది, పట్టనీ. ఇంటికి పోగానే తినెయ్. ఎనిమిదికి తినే అన్నం ఆరున్నరకే తిను. నవ్వకు. ఖాళీ కడుపుకి మందు గుర్తొచ్చినంత గట్టిగా నిండిన కడుపుకి గుర్తురాదు. తీపి మీదికి మనసు పోతుంది, మొదట్లో చాలామందికి అంతే. షుగర్ లేదన్నారు కాబట్టి జేబులో నాలుగు బెల్లం ముక్కలు పెట్టుకో.

అయినా ఒక్కోసారి ఉన్నట్టుండి లాగుతుంది. నోట్లో నీళ్లూరతాయి, కాళ్లు వాటంతటవే చెప్పుల్లో దూరతాయి. అప్పుడు గోడ గడియారం చూడు. ఆ లాగుడు చాలావరకు పావుగంట, మహా అయితే అరగంట. తాగకపోతే అది రాత్రంతా ఉంటుందని మనకి భయం, కానీ ఉండదు. రెండు గ్లాసుల మజ్జిగ తాగు, చన్నీళ్లు పోసుకో, నాకు ఫోన్ చెయ్. ఫోన్ చేసి ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు, నేనే ఏదో ఒకటి వాగుతుంటా.

బాధలో తాగేస్తావేమోనని ఇంట్లో అందరూ కాపలా కాస్తుంటారు చూడు, నన్నూ అలాగే కాశారు. అమ్మ పోయినప్పుడు కూడా నేను తాగలేదు. సెంటర్ నుంచి వచ్చిన ఐదో నెలలో లారీ ఫైనాన్స్ ఆఖరి కిస్తీ కట్టేసి, కాగితాలు చేతికి తీసుకుని బయటికొచ్చాను. ఎండ కూడా చల్లగా ఉన్నట్టనిపించింది. ఇంత మంచి రోజున ఒక్క బీరు తాగితే ఏమవుతుంది, నేనిప్పుడు పాతవాణ్ణి కాదు కదా అనుకున్నా. పదకొండు రోజులు ఇంటికి పోలేదు. అందుకే మంచి రోజులప్పుడే నీ గురించి నాకు టెన్షన్. జీతం పెరిగిన రోజు, పిల్లదానికి ఫస్ట్ ర్యాంకు వచ్చిన రోజు ముందే చెప్పు, ఆ సాయంత్రం ఏం చేద్దామో ఇద్దరం కలిసే అనుకుందాం.

డబ్బు సంగతి. మా రోజుల్లో జేబు ఖాళీ చేస్తే సరిపోయేది. ఇప్పుడు వైన్స్ దగ్గర కూడా స్కానర్ ఉంది. జీతం పడే ఖాతా ఫోన్‌లోంచి తీసెయ్. ఇంకో చిన్న ఖాతా పెట్టుకుని, పెట్రోలుకీ టీకీ సరిపోయేంత మాత్రం వేయించుకో. పెళ్లాం చేత డబ్బులు వేయించుకోవడమేంటని నామోషీ పడకు. క్వార్టర్ కోసం ఆమె పట్టీలు తాకట్టు పెట్టినప్పుడు లేని నామోషీ ఇప్పుడెందుకు? ఆ పని చేసింది నువ్వు కాదులే, నేను.

సిట్టింగ్ ఫ్రెండ్స్ తిట్టరు, ప్రేమగానే పిలుస్తారు, అదే కష్టం. వాళ్లకి నీతులు చెప్పొద్దు. "టాబ్లెట్ వేసుకుంటున్నా, తాగితే ఆసుపత్రిపాలవుతా" అను. నిజమే కాబట్టి అబద్ధం ఆడినట్టూ ఉండదు. పెళ్లిళ్లకి అమ్మాయిని, అదే నీ పెళ్లాన్ని, తీసుకునే వెళ్లు, మొదటి పంక్తిలో తినేసి వచ్చెయ్. కూల్‌డ్రింక్ ఎవరైనా గ్లాసులో పోసిస్తే తీసుకోకు, మూత తీయని సీసా అడుగు. తమాషాకి కలిపేవాళ్లుంటారు, నాకు జరిగింది.

ఆ టాబ్లెట్ డైసల్ఫిరామ్ అని అమ్మాయి చీటీ చదివి చెప్పింది. అది వేసుకుంటూ తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. రెండ్రోజులు మానేసి తాగుదామని లెక్కలు వేస్తావేమో, నేనూ వేశా, ఆ లెక్క తప్పు. కొన్ని దగ్గు మందుల్లో ఆల్కహాల్ ఉంటుంది. అక్క బలానికని ఇచ్చే ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టంలో కూడా ఉంటుంది, వాటి జోలికి పోకు. డాక్టర్ లివర్ పరీక్షకి రమ్మన్న రోజు తప్పించుకోవద్దు. ఇంకోటి, అక్కకి గట్టిగా చెప్పు: "తెలియకుండా కూరలో కలిపి పెట్టండి" అని ప్రకటనలిచ్చే పొడులు కొనొద్దని. మనిషికి తెలియకుండా ఆ రకం మందు పెట్టడం చాలా ప్రమాదం.

నిద్ర కొన్నాళ్లు సరిగా పట్టదు. పట్టినా కలలో తాగేస్తావు, లేచి ఒంట్లో వాసన చూసుకుంటావు. భయపడకు, కలలే. పక్కింటాయన దగ్గర నిద్రమాత్ర అడిగి తెచ్చుకున్నావంటే మాత్రం ఊరుకోను. ఒకటి వదిలించుకుని ఇంకోటి తగిలించుకున్నవాళ్లని చూశా.

అమ్మాయి నువ్వు రాగానే మూతి దగ్గరికి వచ్చి వాసన చూస్తుందని కోపంగా ఉందట. చూడనీ అబ్బయా. మీ అత్త రెండేళ్లు చూసింది. లారీ హారన్ వినపడితే చాలు, పిల్లల్ని లోపలి గదిలోకి పంపే అలవాటు పోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. ఒకరోజు నేను లేటుగా వచ్చేసరికి నిద్రపోయి ఉంది, తలుపు గడియ కూడా పెట్టలేదు. ఆ రాత్రి అరుగు మీద చాలాసేపు కూర్చున్నా.

ఏఏ మీటింగుకి పోతావా? ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునేది. 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ మొదలుపెట్టిన పద్ధతి అది. ఇద్దరూ తాగుబోతులే. ఫీజు లేదు. దేవుడి మాట కొంచెం వస్తుంది, నీకు నచ్చకపోతే ఆ ముక్క వదిలెయ్. నేను నెలరోజులు వెనక బెంచీలో కూర్చుని నోరు విప్పలేదు. కానీ మీటింగు ఏ టైముకి పెట్టేవాళ్లో తెలుసా? ఏడింటికి. నాకు కావాల్సింది సరిగ్గా ఆ టైమే.

ఇవన్నీ చేసినా ఎప్పుడైనా జారతావేమో. జారితే ఆ రాత్రే చెప్పు. "ఎలాగూ చెడిపోయింది, సీసా ఖాళీ చేద్దాం" అనేదే పెద్ద ప్రమాదం. ఇన్నాళ్లు ఆపాక పాత కోటా నీ ఒళ్లు తట్టుకోదు. వరసగా కొన్నాళ్లు తాగి ఉంటే ఇంట్లో ఉన్నపళంగా ఆపొద్దు, ఫిట్స్ రావొచ్చు, మా క్లీనర్ కుర్రాడికి వచ్చాయి. నేరుగా ఆసుపత్రికే పోవాలి. నేను దొరక్కపోతే 14446కి చెయ్, మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నంబర్, డబ్బులు పడవు. మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416. రెండూ చీటీ మీద రాసి అద్దానికి అంటించమని అమ్మాయికి చెప్పా.

ఆదివారం గూడూరు నుంచి సాయంత్రం బండికి వస్తా. ఆరింటికల్లా మీ ఇంట్లో ఉంటా. కొర్రమీను దొరికితే తెస్తా, పులుసు నువ్వే పెట్టాలి, అమ్మాయిని కూర్చోనీ. తొమ్మిది దాటాకే కదులుతా.

మీ మామ