తమాషాలో నవ్వెక్కడిది?

సందేహం: మేం నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఉంటాం. వినాయక చవితి కరపత్రంలో 'రాత్రి 8 గంటలకు పిల్లల తమాషా' అని తెలుగులో వేయించాం. దాన్నే మైకులో చదివితే మా మరాఠీ పొరుగువాళ్లు "పిల్లలతో తమాషానా?" అని ముఖం చిట్లించారు. తమాషా అంటే నవ్వులాటే కదండీ? తప్పు రాశామా?
(ఒక పాఠకురాలు)

సమాధానం: తప్పు మీదీ కాదు, వాళ్లదీ కాదమ్మా.

అసలు ఈ మాటకు నవ్వుతో చుట్టరికమే లేదు. అరబ్బీలో నడకకు సంబంధించిన ధాతువు నుంచి పుట్టింది, నలుగురూ కలిసి నడవడమని అర్థం. పారసీలోకి వచ్చేసరికి అది షికారైంది, ఆ తర్వాత షికారులో కంటబడే వింత అయింది. ఆ వింత చూసేవాడు తమాష్‌బీన్. మన దుర్భిణిలో ఉన్నదీ ఆ 'బీన్' అనే మాటే, దూర్‌బీన్ అంటే దూరాన్ని చూసేది. మనవాళ్లు దానికో ఒత్తు తగిలించి సంస్కృతం పంచె కట్టారు, ఇప్పుడది పారసీ మాటని చెబితే కొందరు పెద్దమనుషులకు కోపం కూడా వస్తుంది. సరే, దారి తప్పాను.

మరాఠీలో ఆ వింత కాస్తా రంగమెక్కి తమాషా అనే ఆటపాటల జానపద నాటకమైంది, పీష్వాల కాలంలో బాగా వర్ధిల్లింది. ఆడేవాళ్లు ఎక్కువగా మహార్, మాంగ్, కోల్హాటీ కులాలవాళ్లు. రాత్రి ఈలలు వేసేది ఊరే, తెల్లారి 'తమాషావాళ్లు' అని చులకన చేసేదీ ఊరే. మీ పొరుగువాళ్లు ముఖం చిట్లించింది ఆ పాత చులకన వల్లే అనుకుంటాను, వ్యాకరణం వల్ల కాదు.

చిన్నప్పుడు మాళేగావ్ ఖండోబా జాతరలో చూశాను నేను. మొదట గణ్, గణపతి స్తుతి. తర్వాత గవళణ్, అంటే మథుర సంతకు పాలూ పెరుగూ మోసుకుపోతున్న గొల్లభామల్ని కృష్ణుడూ అతని జోడీ పెంద్యా అడ్డగించి సుంకం కట్టమంటారు, అప్పుడు మావశి, ఆడవేషం కట్టిన మగాడు, సాక్షాత్తూ దేవుణ్ణి పట్టుకుని దులిపేస్తుంది. పక్కనున్న రైతులు అంతగా ఎందుకు పడీపడీ నవ్వారో నాకు పన్నులు కట్టే వయసొచ్చాక గాని తెలీలేదు. ఇదే మూసలో సత్యశోధక జల్సాలవాళ్లు, అంటే జోతిబా ఫూలే పెట్టిన సత్యశోధక సమాజం తరఫున ఆడిపాడే బృందాలు, పురోహితుణ్ణీ షావుకారునీ నిలబెట్టి నవ్వించారు. అంబేద్కరీ జల్సాల్లో గణపతి స్తుతి పోయి అంబేద్కర్ స్తుతి వచ్చింది. 1940లలో దళిత కవి అణ్ణాభావు సాఠే కార్మికుల గోడు ఎక్కించి, పేరే లోకనాట్యమని మార్చాడు. నవ్వించే సోంగాడ్యా వాడే, నవ్వులపాలయ్యేవాడే మారుతూ వచ్చాడు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ జుట్టుపోలిగాడూ బంగారక్కా చేసేది ఇలాంటి పనే కాని, వాళ్ల గురించి మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

తెలుగులోకి ఈ తమాషా మాట ఉర్దూ దారిన వచ్చింది కాబోలు. 1948 దాకా నాందేడూ నిజామాబాదూ నైజాం రాజ్యంలోవే కదా. మన చేతికొచ్చేసరికి అందులో రంగమూ లేదు, కులమూ లేదు, వింతా నవ్వూ మిగిలాయి. 'తమాషాగా ఉందా?' అంటే బెదిరింపు. 'తమాషా చూస్తున్నారా?' అంటే నిష్ఠూరం.

మరి ఏం వేయించాలంటారా? 'హాస్యాస్పద కార్యక్రమం' అని మాత్రం వద్దు. ఈమధ్య మెచ్చుకోలుగా వాడేస్తున్నారు, దానర్థం నవ్వులపాలు కాదగినదని! 'కామెడీ స్కిట్' అంటే పిల్లలకు సరదా, నాకు ఒళ్లుమంట. 'నవ్వులాట' అని మీ ఉత్తరంలో మీరే రాశారు, అది బాగానే ఉంది. అలాగని తమాషాను కొట్టేయమనడానికీ నాకు మనసొప్పదు. తెలుగు కరపత్రంలో తెలుగు అర్థమే చెల్లాలి. మైకు సంగతి వేరు, అది ఎదుటివాళ్ల చెవికి కదా. లేదంటే వచ్చే ఏడు పిల్లలతో నిజంగానే గవళణ్ ఆడించండి, మావశి వేషం ఎవరికిచ్చారో నాకు రాయండి.