పక్షవాతంతో మాట పడిపోయినవారు పాట ఎలా పాడగలుగుతారు?

మాటను కూర్చే బ్రోకా ప్రాంతం చాలామందికి మెదడు ఎడమ భాగంలో ఉంటుంది కనుక, పక్షవాతంలో అది దెబ్బతింటే, ఎదుటివారి మాట అర్థమవుతున్నా మంచినీళ్లు అడగడానికి కూడా నోరు పెగలదు. అయితే పాట పదాలు జ్ఞాపకంలో రాగంతోనూ లయతోనూ పెనవేసుకుని ఉంటాయి. రాగాన్ని గ్రహించడంలో కుడి భాగం పాత్ర ఎక్కువ. అందుకే అటువంటివారిలో కొందరు చిన్ననాటి పాటను పదాలతో సహా పాడగలుగుతారు.

ఈ ఆధారంతోనే 1973లో బోస్టన్ పరిశోధకులు ఒక చికిత్సను ప్రతిపాదించారు. "నీళ్లు కావాలి" వంటి రోజువారీ మాటను హెచ్చు, తగ్గు స్వరాల్లో, రోగి ఎడమ చేత్తో తాళం వేయిస్తూ పలికించి, క్రమంగా రాగాన్ని తగ్గించి మామూలు మాటకు తీసుకువస్తారు. ఊరికే పాటలు వినిపించడం దీనికి ప్రత్యామ్నాయం కాదు. సాధన చేసిన వాక్యాల్లో కనిపించినంత మెరుగుదల కొత్త వాక్యాల్లో కనిపించదని కుటుంబసభ్యులకు ముందే చెప్పడం అవసరం.